మొదటి పాటకే దక్కిన సీటు

మా అనకాపల్లి బెల్లం యార్డులో ఒక సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీరు ఒక రాశి ముందు నిలబడి వేలంలో మొదటి పాట పాడేరనుకోండి. పక్కనున్న వ్యాపారుల్లో ఒకడు బీడీ వెలిగించుకుంటూ, ఇంకొకడు కప్పు మీది రేకులు లెక్కపెడుతూ, ఎవరూ పై పాట పాడకుండా "సరే, నీదే, పట్టుకుపో" అన్నారనుకోండి. మీరు గెలిచినట్టు కాదు. ఆ రాశిలో మీకు కనపడనిదేదో వాళ్లకి కనపడిందని అర్థం.

ఇది నాకూ తెలుసు. నేను ఆ యార్డుకి మూడు వీధుల అవతల పుట్టేను. అయినా విమానం కంపెనీ నుంచి మెయిల్ వచ్చి, "మీ మామూలు సీటుని బిజినెస్ క్లాసుకి మార్చుకోవచ్చు, ఎంతిస్తారో మీరే పాడండి" అనేసరికి పాడేసేను. కిందనుంచి మొదలెడదామని సిగ్గులేనంత తక్కువకి పాడేను. ఎవడో ఒకడు పైన పాడతాడు, అప్పుడు చూద్దాం అనుకున్నాను. టీ తాగి వచ్చేలోగా జవాబొచ్చింది. అభినందనలు, సీటు మీదే.

బీడీ వెలిగించుకున్నవాడు నాకు అప్పుడే కనపడాలి. కనపడలేదు. ఎందుకంటే నేను అద్దం ముందు నిలబడి, బిజినెస్ క్లాసు మనిషి చొక్కా చేతులు ఎంతవరకు మడుస్తాడో చూసుకుంటున్నాను.

అసలు ఎందుకు బయల్దేరేమో చెప్పాలి, లేకపోతే ఏదో విహారయాత్ర అనుకుంటారు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఎస్. రాయవరం వైపు చెరుకు వేసి, సొంత బట్టీ పెట్టుకుని బెల్లం వండుతాడు. బెల్లం వండేవాళ్లు చాలామంది పాకంలో ఒక తెల్లపొడి వేస్తారు. మా వైపు దాన్ని 'మందు' అంటారు. అది పడితే బెల్లం పచ్చగా బంగారంలా వస్తుంది, యార్డులో మొదటి రకం కింద పోతుంది. ఇంట్లోకి మాత్రం ఒక పెనం విడిగా, మందు లేకుండా వండుకుంటారు. మావయ్యా అలాగే చేసేవాడు. నాలుగేళ్ల కిందట ఒకరోజు మా అత్త ఇంటి బెల్లం డబ్బాలో సర్దుతూ, "మనం తిననిది జనాలకెందుకు పెడతన్నాం?" అని అడిగింది. తగువు కోసం అడగలేదు, ఊరికే అడిగింది. తగువయితే మావయ్య గెలిచేవాడు. ఊరికే అడగడంతో జవాబు దొరక్క, ఆ ఏడు నుంచి మందు మానేసేడు.

దాంతో బెల్లం గోధుమరంగుకి దిగింది. ఒక పెనం ఒకలా, ఇంకో పెనం ఇంకోలా. యార్డులో మావయ్య రాశి అందరికన్నా ఆఖరున అమ్ముడయ్యేది, అదీ మొహమాటానికి. సరుకు మోసే కళాసీ కుర్రాళ్లు దానికి 'కాకిబెల్లం' అని పేరు పెట్టేరు. మావయ్య వినపడనట్టు తలపాగా సర్దుకునేవాడు.

ఇక నేను. బీటెక్ మెకానికల్. హైదరాబాదులో ఒక ఉద్యోగం వదిలేసేను. అది నన్ను వదిలేసిందని కంపెనీ వాళ్లు చెప్తారు, ఎవరి కోణం వాళ్లది. ఇప్పుడు మావయ్య దగ్గర 'డైరెక్టర్, ఎగుమతులు'. ఆ మాట నా విజిటింగ్ కార్డు మీద ఉంది, ఇంకెక్కడా లేదు. పనల్లా బెల్లానికి ఫొటోలు తీసి ఫోన్లో పెట్టడం. అలాంటి ఒక ఫొటో జర్మనీలో ఒకాయన చూసేడు. ఆరోగ్యం తిండి అమ్మే దుకాణాలకి సరుకు వేస్తాడట. మా దేశంలో ఫలానా ఆహార ప్రదర్శనలో ఉంటాను, పది నిమిషాలిస్తాను, సరుకు చూపించండి, నచ్చితే సీజనంతా నేనే కొంటాను అని రాసేడు. రైతుల సంఘం వాళ్లు మా ఇద్దరికీ మామూలు టికెట్లు తీసిపెట్టేరు.

బయల్దేరే ముందు మావయ్య నలభై దిమ్మలు పోసేడు. ఒక్కోటి అరకిలో. అందులోంచి ఆరు ఏరేడు. ఏరుతూ, దిమ్మని గోటితో కొట్టి చప్పుడు వింటూ, నాకేసి చూడకుండా చెప్పేడు.

"ఇదే ఆకరు అల్లుడూ. ఆడు కొన్నాడా, సరే. నేదంటే ఈ ఏటినుంచి నేనూ మందేసేత్తాను. కాకిబెల్లం అనిపించుకోడం ఇంక నా వల్ల కాదు."

ఎవరైనా ఇలాంటి మాట అన్నప్పుడు నేను ఒక జోకు వేస్తాను. అది నా జబ్బు. ఆరోజు కూడా నోరు తెరిచేను. జోకు రాలేదు. "ఆరు చాలా?" అని అడిగి మూసేసేను.

సీటు సంగతి మావయ్యకి చెప్పకుండా ఎక్కడం బాగోదు కదా. చెప్పేను. చెప్పిన తీరులోనే నాక్కావలసిన జవాబు పెట్టేను.

"మావయ్యా, ఒక పెద్ద సీటు దొరికింది. కాళ్లు చాపుకుని పడుకోవచ్చట. నీకా మోకాళ్ల నెప్పులు. నువ్వు కూర్చుంటావా? లేకపోతే, అక్కడ ఇంగ్లీషులో మాటాడవలసినవాణ్ణి, నిద్ర లేకపోతే నోరు తిరగనివాణ్ణి, నేను కూర్చోనా?"

"పక్కనెవులుంటారు?"

"ఎవరూ ఉండరు. చుట్టూ చిన్న గోడ ఉంటుంది."

"గోడా? పది గంటలు గోడకేసి సూసుకుంటా కూకోడానికి నేనేం తప్పు సేసేన్రా? నువ్వే ఎల్లు."

నేను రెండోసారి అడగలేదు. మర్యాదకి కూడా అడగలేదు. ఒప్పేసుకుంటాడేమోనని భయం.

మావయ్య ఆరు దిమ్మల్నీ అత్త పాత చీర ముక్కల్లో విడివిడిగా చుట్టి, చేతిసంచిలో పెట్టేడు. పెద్ద లగేజీలో వేస్తే ఎక్కడ తడుస్తాయో అని చేతిలోనే పట్టుకున్నాడు. ఆ సంచి అత్త ఎరువుల బస్తా కత్తిరించి కుట్టింది. గట్టిది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని మీద 'యూరియా' అని అరచేయంత అక్షరాల్తో ఉంటుంది. ఇంట్లో అది మనకి కనపడదు. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో బాగా కనపడింది.

సెక్యూరిటీ మిషను ఆగిపోయింది. యూరియా సంచి. లోపల గుడ్డల్లో చుట్టిన ఇటుకల్లాంటివి ఆరు. "యే కిస్కా హై?" అని ఆఫీసరు అడిగేడు. మావయ్య బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తేడు. తరవాత ఏం మాటాడాలో తెలీక నాకోసం చూసేడు. నేను పక్కన, బిజినెస్ క్లాసు వాళ్లకని విడిగా ఉన్న లైన్లో బెల్టు విప్పుకుంటున్నాను. ఆ సంచి వంక, ఎవరిదో పాపం అన్నట్టు చూసేను. మూడు సెకన్లు. అంతకన్నా ఎక్కువ కాదు. ఆ మూడు సెకన్లూ మావయ్య నన్నే చూస్తున్నాడు.

తరవాత వెళ్లేననుకోండి. వెళ్లి, ఇంగ్లీషులో, హిందీలో, చేతుల్తో, ఇది బెల్లం అని చెప్పేను. వాళ్లు ఏదో కాగితంతో సంచిని తుడిచి ఇంకో మిషన్లో పెట్టేరు, ఏమీ రాలేదు. ఇంతలో మావయ్య ఒక దిమ్మ చీర విప్పి, మూల విరిచి, ఆఫీసరు ముందు చెయ్యి చాపేడు.

"తిని సూడండి బాబూ."

ఆయన డ్యూటీలో ఉన్నానన్నట్టు తల అడ్డంగా ఊపేడు. పక్కనున్న ఆడాఫీసరు తీసుకుని నోట్లో వేసుకుని, "అచ్ఛా హై" అంది. మావయ్య నావైపు తిరిగి, "బావుందంట" అని నాకు అనువాదం చేసి పెట్టేడు.

"మావయ్యా, అవి జర్మనీ ఆయనకి. ఇక్కడ పంచకూడదు."

"నా సరుకేసి సూసింది కదరా! సూసినోళ్లకి పెట్టకపోతే ఎలగ?"

ఇది యార్డు పద్ధతి. రాశి ముందు నిలబడి చూసిన ప్రతివాడికీ చెక్క విరిచి చేతిలో పెట్టాలి. కొంటావా అని అడక్కూడదు. పెట్టలేదంటే సరుకులో లోపం దాస్తున్నట్టు లెక్క. నలభై ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి, చెయ్యి దానంతటదే పోతుంది.

విమానం ఎక్కే గేటు దగ్గర మావయ్య ఆ సంచి నాకివ్వబోయేడు. "నీ కాడెట్టుకో. పెద్ద సీటన్నావు కదా, సోటుంటాది. నా కాడుంటే ఎవులో ఒకలు అడుగుతారు."

చూడండి, తన చేతి మీద తనకే నమ్మకం లేదని మనిషి ముందే చెప్పేడు. నేను మాత్రం లైన్లో నా ముందు నిలబడ్డ వాళ్ల తోలు పెట్టెలు చూసేను. ఆ యూరియా సంచి చూసేను.

"అక్కడ ఇది బావోదు మావయ్యా. నీ దగ్గరే ఉంచు."

"బావోదా?" అని సంచిని ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసేడు. చంకలో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయేడు.

నేను ముందుకి వెళ్లేను. పొద్దున్న పదింటి విమానం. బిజినెస్ క్లాసులో ఎలా ప్రవర్తించాలో పద్నాలుగు వీడియోలు చూసి వచ్చేను. ఎయిర్ హోస్టెస్ షాంపేను గ్లాసు తెస్తే ఆశ్చర్యపోకూడదు, రోజూ తాగేవాడిలా తీసుకోవాలి. తీసుకున్నాను. మా ఊరి కల్లుకి జలుబు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. రోజూ తాగేవాడిలా మొహం పెట్టేను. ఆమె "బాగాలేదా సర్?" అని అడిగింది.

విమానం పైకి లేచి నిలకడగా పోవడం మొదలెట్టగానే, వీడియోల్లో చెప్పిన ముఖ్యమైన ఘట్టానికి వచ్చేను. మంచం. బటన్ నొక్కితే కుర్చీ మెల్లగా వాలి పరుపైపోతుంది. నొక్కేను. వాలింది. నా గుండె పొంగింది. సగం దూరం వెళ్లి, లోపల ఎక్కడో 'కిర్రు' మని ఆగింది. మళ్లీ నొక్కేను. నడుం కదల్లేదు, కాళ్ల కింద పలక మాత్రం పైకి లేచింది. ఇంకోసారి నొక్కేను. ఇంకా లేచింది. ఇప్పుడు నడుం సెలూన్లో గెడ్డం గీయించుకుంటోంది, కాళ్లు ఎముకల ఆసుపత్రిలో కట్టుకట్టి వేలాడదీసినట్టున్నాయి. నేను బీటెక్ మెకానికల్ అని ముందే చెప్పేను. ఆ పరిజ్ఞానమంతా ఉపయోగించి నాలుగోసారి నొక్కేను. బటన్ లోపలికి పోయి బయటికి రాలేదు.

ఎయిర్ హోస్టెస్ వచ్చింది, తరవాత ఆమె పైఆయన వచ్చేడు. మోకాళ్ల మీద కూర్చుని, కింద ఏదో ఆపి, మళ్లీ ఆన్ చేసేరు. కుర్చీ ఒకసారి వణికి ఊరుకుంది. నేను కూడా.

"క్షమించాలి సర్. ఈ సీటుతో సమస్య ఉందని మాకు తెలుసు. వచ్చేవారం రిపేరుకి వెళ్తుంది" అన్నాడాయన చాలా మర్యాదగా.

తెలుసట. బీడీ వెలిగించుకున్నవాడు ఇన్నాళ్లకి కనపడ్డాడు. టై కట్టుకున్నాడు.

వేరే సీటుందా అని అడిగేను. ముందు అన్నీ నిండిపోయాయి. వెనక మామూలు సీట్లు ఉన్నాయి, కావాలంటే వెళ్లొచ్చన్నారు. వెనక్కా? వేలంలో గెలిచిన మనిషిని. "పరవాలేదు, ఇది సౌకర్యంగానే ఉంది" అన్నాను, నా మోకాళ్ల మధ్యనుంచి ఆయన్ని చూస్తూ.

అక్కడికీ మంచివైపే చూద్దామనుకున్నాను. ఎదురుగా ఉన్న టీవీలో మ్యాపు తప్ప ఏదీ రాలేదు. మ్యాపులో మా విమానం ఒక సముద్రం మీద ఉంది. గంట తరవాత చూస్తే ఆ సముద్రం మీదే ఉంది. సరే, ఫొటో అయినా పెడదామని, బిజినెస్ క్లాసు వాళ్లకి ఊరికే ఇచ్చే ఇంటర్నెట్‌తో నా కాళ్ల ఫొటో స్టేటస్ పెట్టేను. 'మబ్బుల్లో విశ్రాంతి' అని రాసేను. అది ఎక్కేసరికి వాళ్లిచ్చిన ఇంటర్నెట్ అయిపోవచ్చింది. అయిపోయే ముందు ఒక్క జవాబొచ్చింది. ఊళ్లో బట్టీ చూసుకుంటున్న మావయ్య కొడుకు, నా బావ.

"బావా కాళ్లేటి అంత పైకున్నాయి? ఆపరేసనా?"

ఇక భోజనం. మెనూ కార్డు పెళ్లిపత్రిక కన్నా మందంగా ఉంది. నేను కోడి అడిగేను. కోడి నా ముందు వరసతో అయిపోయింది. గొర్రె కూడా. మిగిలిన దాని పేరు రెండు వరసలుంది. వచ్చింది చూస్తే నాలుగు ఆకులు, సగం టమాటా, మీద ఏదో చల్లేరు, పక్కన గిన్నెడు సూపు. పళ్లెం పెట్టుకునే బల్ల సమంగానే ఉంది, నేనే సమంగా లేను. సూపు నా దగ్గరికి రావాలంటే గడ్డం కిందకి దిగాలి, గడ్డం దిగాలంటే కాళ్లు ఒప్పుకోవాలి. మూడు చెంచాలు చొక్కాకి పట్టించి, చాలన్నాను. "చాలా తక్కువ తింటారు సర్" అంది ఎయిర్ హోస్టెస్, మెచ్చుకోలుగా.

అప్పుడు వినపడింది నవ్వు. తెర వెనకనుంచి. ఒకళ్లది కాదు, పెళ్లివారి విడిదిలో వచ్చేలాంటి మూకుమ్మడి నవ్వు. అందులో ఒక గొంతు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

కుర్చీలోంచి బయటపడటానికి కొంత సమయం పట్టింది, ఆ వివరాలు వద్దు. తెర తీసి చూసేను. మావయ్య సీట్ల మధ్య దారిలో, మోకాళ్లు పట్టేయకుండా నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చీరముక్క, ఇంకో చేతిలో బెల్లం చెక్క. చుట్టూ ఉద్యోగాలకి వెళ్తున్న మలయాళీ నర్సమ్మలు ఒక పదిమంది, వాళ్ల వెనక ఎర్రటి మొహం తెల్లదొర ఒకాయన. ఆ చుట్టుపక్కల వరసల్లో కూడా అందరి దవడలూ ఆడుతున్నాయి. మావయ్యకి వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట. "టేస్టు" అంటున్నాడు. వాళ్లు "గుడ్" అంటున్నారు. మావయ్య ఇంకో చెక్క విరుస్తున్నాడు. అత్త కట్టిచ్చిన పులిహోర కూడా ఒకావిడ ఒళ్లో కనపడింది. నా ఆకులు గుర్తొచ్చాయి.

"మావయ్యా! ఎన్ని మిగిలేయి?"

ఆయన సంచిలోకి చూసేడు. లెక్కపెట్టనక్కర్లేదు, అయినా లెక్కపెట్టేడు. "రెండు."

"రెండా? ఆరు తెచ్చేం!"

"ఏటి సెయ్యమంటావు? ఆ పిల్ల సంచేటని అడిగింది. సూపించేను. సూసింది. పెట్టేను. పక్కపిల్ల సూసింది."

"వీళ్లు కొంటారా? జర్మనీ ఆయనకి ఏం చూపిస్తాం? ఇదే ఆఖరు అన్నావు కదా! ఈ దిమ్మల కోసమే కదా ఇంత దూరం వస్తున్నాం!"

నా గొంతు పెరిగింది. నర్సమ్మలు నమలడం ఆపేరు. మావయ్య మాత్రం పెంచలేదు.

"నీ కాడెట్టుకోమన్నాను కదరా. సంచి బావోదన్నావు."

జవాబు లేనప్పుడు నేను డైరెక్టరు అయిపోతాను. "ఇలా ఇయ్యి, ఇంక నా దగ్గరే ఉంటాయి" అని సంచి లాక్కున్నంత పనిచేసి, యూరియా అక్షరాలు బయటికి కనపడేలా పట్టుకుని, తెర దాటి ముందుకి వచ్చేను. చొక్కా మీద సూపు, చేతిలో ఎరువుల సంచి. ఎయిర్ హోస్టెస్ ఒక్క క్షణం దారికి అడ్డంగా వచ్చి, "సర్, మీ సీటు వెనకాలా?" అంది. తరవాత మొహం గుర్తుపట్టి తప్పుకుంది. పాపం, ఆమె తప్పేం లేదు.

మళ్లీ కుర్చీలోకి ఎక్కి, సంచి పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాను. ఇంకా ఆరు గంటల ప్రయాణం. ఇప్పుడు చెప్పబోయేది మావయ్యకి జర్మనీలో దిగేక తెలిసిపోయింది, అత్తకి ఇప్పటికీ చెప్పలేదు.

ఆకలి. చీరముక్క లోంచి బెల్లం వాసన. ఒక దిమ్మకి మూల కొంచెం నలిగినట్టుంది. నలిగిన మూలతో జర్మనీ ఆయనకి ఎలా చూపిస్తాం, సమం చేద్దాం అనుకున్నాను. ఆ మూల తిన్నాను. ఇప్పుడు ఇటు మూల పొడుగైంది. అది కూడా సమం చేసేను. ఇంజనీరింగులో దీన్ని లెవెలింగ్ అంటారు. మ్యాపులో విమానం ఆ సముద్రం దాటేసరికి దిమ్మ చీరముక్కంత మందాన ఉంది. అంత పల్చటిదాన్ని దాచడంలో అర్థం లేదు కదా.

మావయ్య నాలుగు దిమ్మలు నలభైమందికి పెట్టేడు. నేను ఒక దిమ్మ ఒక్కడికే పెట్టేను.

దిగేక, సామాన్లు వచ్చే బెల్టు దగ్గర, సంచి ఇచ్చేసేను. మావయ్య చెయ్యి పెట్టి చూసేడు. ఒక్కటే తగిలింది. నా మొహంకేసి చూసేడు. నా పళ్లకి బెల్లం ఇంకా అంటుకునే ఉంది.

"బావుందా?" అని అడిగేడు.

"బావుంది మావయ్యా."

"ఊఁ" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు మాటలు చాలా తయారుగా పెట్టుకున్నాను.

మర్నాడు ప్రదర్శనలో జర్మనీ ఆయన్ని కలిసేం. కళ్లద్దాలు, చక్కటి మనిషి, చేతికి పెద్ద గడియారం. నేను ల్యాప్‌టాప్‌లో ఇరవైరెండు స్లైడులు చేసుకొచ్చేను. మూడో స్లైడు దగ్గర ఆయన గడియారం చూసేడు. మావయ్య నన్ను మోచేత్తో పక్కకి జరిపి, ఉన్న ఒక్క దిమ్మనీ బల్ల అంచుకేసి కొట్టి, చెక్క తీసి ఆయన చేతిలో పెట్టేడు. ఆయన నోట్లో వేసుకున్నాడు. ఇంకో ముక్క తనే తీసుకున్నాడు. నేను ల్యాప్‌టాప్ మూసేసేను.

తరవాత, ఆ ముక్కని వెలుగులో పట్టుకుని అడిగేడు. "ఈ రంగు ప్రతిసారీ ఇలాగే వస్తుందా?"

"తప్పకుండా. ఎప్పుడూ ఇదే రంగు" అన్నాను నేను.

"ఏటడిగేడు? నువ్వేటన్నావు?" అన్నాడు మావయ్య. చెప్పేను.

"అబద్దం సెప్పకు. సెరుకుని బట్టి మారతాది. పెనం పెనానికీ మారతాది. అలాగే సెప్పు."

"మావయ్యా, ఆ ఒక్క మాటా..."

"సెప్పరా."

చెప్పేను. నా జీవితంలో నేను ఎంతో నిజాయితీగా చేసిన అనువాదం అదొక్కటే, మాకు ఎక్కువ నష్టం తెచ్చినదీ అదే. జర్మనీ ఆయన నిజంగానే విచారపడ్డాడు. రుచి చాలా బాగుందన్నాడు. కానీ దుకాణం అరలో పక్కపక్కన పెట్టిన ప్యాకెట్లు వేరే వేరే రంగుల్లో ఉంటే, జనం పాత సరుకు అనుకుంటారట. అన్నీ ఒకే రంగులో ఉండాలట. మెయిల్ చేస్తానన్నాడు. 'మెయిల్ చేస్తాను' అంటే ఏమిటో నాకు తెలుసు. హైదరాబాదులో ఉద్యోగం పోయినప్పుడు మా కంపెనీ కూడా అదే చెప్పింది. పది నిమిషాల్లో ఇంకా రెండు మిగిలేయి, ఆయన మర్యాదగా మాకే వదిలేసేడు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. చలి. మావయ్య శాలువా తలమీదుగా కప్పుకున్నాడు. ఇక్కడికి వచ్చి కూడా రంగేనా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. అలాంటప్పుడు జోకు వేస్తాను కదా, వేసేను. "పోన్లే మావయ్యా, కాకిబెల్లానికి ఇప్పుడు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది" అన్నాను. ఆయన నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఆ మాట యార్డు కుర్రాళ్లు అన్నప్పుడు ఎలా ఉండేదో. తల దించుకున్నాను.

మావయ్య శాలువా సర్దుకుంటూ అడిగేడు. "నిన్న ఇమానంలో ఎంతమంది తినుంటారంటావు?"

"నలభైమంది ఉంటారు."

"అందులో రంగు మాటెవులైనా ఎత్తేరా?"

"నాకేం తెలుసు? నేను ముందున్నాను."

"అవును కదా. నువ్వు నేవు" అన్నాడు, తప్పుపట్టినట్టు కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. "నేనున్నాను. ఒక్కలూ ఎత్తనేదు. ఎక్కడ దొరుకుతాదని అడిగేరు. ఇంగిలీసులోనే అడిగేరు గానీ, ఆ మాట తెలిసిపోతాది. సెప్పడానికి నువ్వు కావాల్సొచ్చేవు."

మందు వేస్తాననీ అనలేదు, వెయ్యననీ అనలేదు. తిరుగు ప్రయాణంలో ఇద్దరం వెనక, పక్కపక్కన కూర్చున్నాం. కుర్చీ రెండు వేళ్లు వాలింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. మావయ్య నిద్రపోయేడు, తల నా భుజం మీద. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. ఏం జవాబొస్తుందోనని ఊరుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి బట్టీలో ఒక మూల మందు ప్యాకెట్లు ఉన్నాయి. ముందు అనుకున్న మాట ప్రకారం బావ తెచ్చిపెట్టేడు. అతని తప్పేమీ లేదు, జర్మనీ ఆయన కొనలేదని నేనే ఫోన్లో చెప్పేను. మర్నాడు పొద్దున్నే చెరుకు ఆడేరు, రసం పెనంలోకి ఎక్కించేరు. పైకి తేలిన మడ్డి తీసేరు. పాకం ఉడుకుతోంది. మందు వేసే అదును అదే. బావ ప్యాకెట్ మూల కొరికి పట్టుకుని నిలబడ్డాడు. నేను ఫోను పైకెత్తి వీడియో మొదలెట్టేను. ఎటు జరిగినా మంచి వీడియో అవుతుంది కదా అని, నా బుద్ధి. ఆవిరికి కెమెరా మొత్తం తెల్లగా మసకేసింది.

"ఎయ్యమంటావా?" అని బావ అడిగేడు.

మావయ్య పాకంలోకే చూస్తున్నాడు. "అది మూసి లోపలెట్టీ" అన్నాడు.

"మరి యార్డులో..."

"యార్డులో అమ్ముడవ్వకపోతే, ఈడున్నాడు కదా. రోడ్డు మీద నిలబడి సెక్కలు పెడతాడు. డైరెక్టరు కదా." నావైపు చూడకుండా, "ఫోను పక్కనెట్టి గరిట పట్టు" అన్నాడు.

పట్టేను. ఆ గరిట నా అంత పొడుగుంది. కలుపుతుంటే పాకం చిక్కబడి, రంగు మారుతూ వచ్చింది. నీళ్ల రంగు లోంచి లేత రంగు, అందులోంచి పచ్చన. పచ్చన దగ్గర ఒక్క నిమిషం నిలబడినట్టే నిలబడింది. యార్డులో మొదటి రకం అదే. నాకు తెలీకుండానే గరిట ఆపేసేను.

"కలపరా" అన్నాడు మావయ్య.

కలిపేను. పచ్చన దాటి, తేనెరంగు దాటి, మెల్లగా గోధుమరంగులోకి దిగింది. జర్మనీకి పట్టుకెళ్లినదాని కన్నా ఇంకొంచెం ముదురు. మావయ్య వంగి వాసన చూసి, "దించండి" అన్నాడు.